ఇప్పచెట్టు కింద నిప్పు

బైలదిల్లా గుట్టల నుంచి విశాఖ రేవుకు ఇనుప ఖనిజం మోసుకెళ్లే కేకే లైను గురించి తెలుగువాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఆ గుట్టల ఖనిజమే ఇప్పుడు జగ్దల్‌పూర్ దగ్గర నగర్‌నార్‌లో ఉక్కుగా మారుతోంది. 30 లక్షల టన్నుల సామర్థ్యంతో, 23,800 కోట్ల రూపాయలకు పైగా ఖర్చుపెట్టి కట్టిన ఎన్‌ఎండీసీ కర్మాగారాన్ని 2023 అక్టోబర్ 3న ప్రధాని జాతికి అంకితం చేశారు. కర్మాగారం కబుర్లు దేశమంతా అచ్చయ్యాయి. అదే చోట, ఛత్తీస్‌గఢ్ బస్తర్ అడవుల్లో, ఏటా ఫిబ్రవరి నుంచి జూన్ దాకా నేలబారున పాకే మంటల కబుర్లు మాత్రం జిల్లా పేజీ దాటి బయటికి రావు. ఆ నిప్పు ఎవరు పెడుతున్నారు, ఎవరు ఆపాలి, ఆపడానికయ్యే డబ్బు ఎవరి చేతిలో ఉండాలి? పైకి ఇది అటవీశాఖ ఇంటి వ్యవహారంలా కనిపిస్తుంది. లోపల ఉన్నది నిఖార్సైన రాజకీయం. అందుకే ఇద్దరి మధ్య వాదంగా రాస్తున్నాను. ఒకరు రిటైరైన ఫారెస్ట్ రేంజరు, ఇంకొకరు చరిత్ర చెప్పే మాస్టారు. మనుషులు నా కల్పన, వాళ్లు చూపే చట్టాలూ లెక్కలూ కల్పన కాదు. మధ్యలో నేనూ కల్పించుకుంటాను, ఎందుకంటే ఈ విషయంలో నేను తటస్థుణ్ని కాను.

రేంజరు: మాస్టారూ, ముందు ఒక మాట ఒప్పేసుకుందాం. మన అడవుల్లో పిడుగుపడి అంటుకునే మంట చాలా అరుదు. ఎండాకాలం బస్తర్‌లో లేచే మంటల్లో ఇంచుమించు అన్నిటి వెనకా మనిషి చెయ్యే ఉంటుంది. మార్చి వచ్చిందంటే ఇప్పపువ్వు రాలుతుంది. చెట్టు కింద ఎండుటాకు మందంగా పరుచుకుని ఉంటే పువ్వు కనపడదు, అందుకని ముందే ఆకు కాల్చేస్తారు. తునికి పొదకు లేతాకు బాగా రావాలని నిప్పు పెడతారు. వేటకు వెళ్లి పెడతారు, పశువులకు పచ్చగడ్డి రావాలని పెడతారు. చెట్టు కింద కాల్చి, ఆర్పి ఇంటికి పోతే నాకేం పేచీ లేదు. ఆర్పరు. అది సాల్ అడవిలోకి, అంటే మన గుగ్గిలం చెట్లలోకి పాకుతుంది. పెద్ద చెట్టు బెరడు మందం కాబట్టి తట్టుకుంటుంది. కింద మొలక చచ్చిపోతుంది. వచ్చే ఏడు మళ్లీ వేస్తుంది, మళ్లీ చస్తుంది. చివరికి అడవంటే తాతలే మిగిలి మనవలు లేని ఇల్లవుతుంది. ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా ఉపగ్రహాల లెక్క చూడండి. 2020 నవంబర్ నుంచి 2021 జూన్ దాకా ఒక్క ఛత్తీస్‌గఢ్‌లో 38,106 మంటలు కనిపించాయి. ఒడిశా, మధ్యప్రదేశ్ తరవాత మూడో స్థానం మాదే. ఇంత జరుగుతుంటే నిప్పు పెట్టడం నేరం కాదంటారా?

మాస్టారు: కారణాల్లో మీకూ నాకూ తేడా లేదండీ. తేడా అంతా నేరం అన్న మాట దగ్గరే. 1927 నాటి భారత అటవీ చట్టం తీయండి. రిజర్వు అడవిలో నిప్పు పెట్టినవాడికి 26వ సెక్షన్ శిక్ష వేస్తుంది, సరే. అదే సెక్షన్‌లో మూడో ఉపవిభాగం ఉంది. కావాలని గానీ ఘోరమైన అజాగ్రత్త వల్ల గానీ మంట లేస్తే, దోషికి శిక్ష పడినా సరే, ఆ అడవిలో మేత మీదా ఫలసాయం మీదా ఉన్న హక్కులన్నిటినీ ప్రభుత్వం తనకు తోచినంత కాలం నిలిపేయొచ్చు. ఒకడి అగ్గిపుల్లకు ఊరంతా జరిమానా అన్నమాట. ఆ తరవాత 79వ సెక్షన్ చూడండి. ఆ అడవిలో ఏ హక్కు అనుభవిస్తున్నవాడైనా మంట సంగతి అధికారులకు చెప్పాలి, వెళ్లి ఆర్పాలి. కూలి ఊసు లేదు. ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టుకుని చదవండి. మంట కనపడిందని వచ్చి చెప్పే మనిషికి ఒరిగేదేమిటి? ఊరి హక్కుకు ముప్పు, పైగా వెట్టిచాకిరీ. నోరు మూసుకుంటే ఏ గొడవా లేదు. మంటను దాచమని చట్టమే నేర్పుతుంటే, జనానికి అవగాహన లేదని గోడల మీద నినాదాలు రాయించి ఏం లాభం? ఇది ఊరికే పుట్టిన అనుమానం కూడా కాదు. 1905లో బ్రిటిష్ ప్రభుత్వం బస్తర్ అడవిలో మూడింట రెండు వంతులు రిజర్వు చేస్తామంది. పోడు, వేట, అటవీ ఫలసాయం అన్నీ ఆపేస్తామంది. దాని ఫలితమే 1910 నాటి తిరుగుబాటు, భూమ్‌కాల్. నేతానార్‌కు చెందిన దాని నాయకుడు గుండాధుర్ పేరు ఇక్కడ చిన్నపిల్లలకు కూడా తెలుసు. తిరుగుబాటును అణిచేశారు గానీ రిజర్వు చేయాలనుకున్న అడవిని సుమారు సగానికి తగ్గించుకోవాల్సి వచ్చింది. బస్తర్‌లో అడవి సరిహద్దు గీసిందే బలప్రయోగంతో. ఆ గీత లోపలి మంటను ఊరివాళ్లు తమ మంట అనుకోవాలంటే ఎలా?

రేంజరు: నూట పదిహేనేళ్ల కిందటి కథ మీద ఇవాళ్టి అడవిని నడపలేం. పుస్తకంలో ఉన్న ప్రతి సెక్షనూ అడవిలో అమలు కాదు. 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది, గ్రామసభకు అడవిని కాపాడుకునే హక్కూ బాధ్యతా రెండూ ఇచ్చింది. వచ్చి ఇన్నేళ్లయినా మంటలు ఆగలేదే? అసలు సంగతి ఏమిటంటే, ఇప్పుడు నిప్పు పెట్టేది ఆకలి ఒక్కటే కాదు, మార్కెట్టు కూడా. యాభై తునికాకుల కట్టలు వెయ్యి కలిపితే ఒక ప్రామాణిక బస్తా. దానికి మా రాష్ట్రంలో 4,000 రూపాయలుండేది, 2024 నుంచి 5,500 చేశారు. మంచిదే. కానీ ధర పెరిగిన కొద్దీ ఎక్కువ ఆకు కావాలి, ఎక్కువ ఆకు కావాలంటే పొదలన్నీ చిగురించాలి. కొమ్మలు కొట్టించాలంటే కూలి అవుతుంది. అగ్గిపెట్టెకు ఎంతవుతుంది? దీన్ని సంప్రదాయం అని ముద్దుపేరుతో పిలవకండి.

మాస్టారు: సంప్రదాయం అని నేననలేదు. లెక్క అన్నాను. మీరే చెప్పారు, కొమ్మలు కొట్టడానికి కూలి అవుతుందని. ఆ కూలి ఎవరిస్తే మంట ఆగుతుందో అదే దారి. ఆకు కొనేటప్పుడు బస్తాకు ఇంత అని పెంచడం కన్నా, ఫిబ్రవరిలో కొమ్మలు కొట్టినందుకు కొంత ముందే చేతిలో పెడితే పొదకు నిప్పు పెట్టాల్సిన పనేముంది? ఇప్పపువ్వు సంగతీ అంతే. చెట్టు కింద వల కడితే పువ్వు మట్టి అంటకుండా వలలో పడుతుంది, ఆకు కాల్చే పని ఉండదు, శుభ్రమైన పువ్వుకు ధరా ఎక్కువ. ఈ పద్ధతి ఛత్తీస్‌గఢ్‌లో ఇప్పటికే నడుస్తోంది. ఒక్కో చెట్టూ ఎవరిదో ఊళ్లో అందరికీ తెలుసు, ఏ చెట్టుకు వల కట్టాలో గ్రామసభ ఒక్క పూటలో జాబితా రాసిస్తుంది. ఇక అసలు ప్రశ్న. నిప్పు అంతా చెడ్డదేనా? 1860ల్లో మధ్యప్రాంతాల బోరి అడవిలో మొదలుపెట్టి బ్రిటిష్ ఫారెస్టర్లు నిప్పును పూర్తిగా తరిమేయాలని చూశారు. బెంగాల్, అస్సాం వైపు తేమ ఎక్కువుండే సాల్ అడవుల్లో జరిగిందేమిటి? నిప్పు లేకపోయేసరికి కింద తీగలూ పొదలూ కమ్ముకుని సాల్ మొలకే రాకుండా పోయింది. ఆ మాట ఒప్పుకున్నది ఆదివాసులు కాదు, ఆ ఫారెస్టర్లే. కర్ణాటకలో బిళిగిరి రంగన కొండల్ని 1974లో అభయారణ్యం చేసి, సోలిగలు చలికాలం చివర ఆకుచెత్తకు పెట్టే చిన్న మంటను ఆపించారు. ఆ తరవాత అడవంతా లాంటానా పొదలు అల్లుకున్నాయి. ఇప్పుడు అంటుకుంటే మంట నేల మీద పాకదు, కొమ్మలెక్కుతుంది.

అమెరికా కథ ఇంకా విచిత్రం. భూమ్‌కాల్ జరిగిన 1910లోనే, ఆగస్టులో, ఇడాహో, మోంటానా రాష్ట్రాల్లో ముప్పై లక్షల ఎకరాలు రెండు రోజుల్లో తగలబడ్డాయి. ఆ భయంతో అక్కడి అటవీశాఖ ప్రతి మంటనూ ఆర్పేయడమే విధానంగా పెట్టుకుంది. 1935 నుంచైతే కనిపించిన మంటను మర్నాడు పొద్దున పది గంటల్లోపు అదుపు చేయాలని నియమం. దశాబ్దాల పాటు కాలని చెత్తంతా అడవిలో పోగుపడింది. 2018లో కాలిఫోర్నియాలో పారడైజ్ అనే పట్టణం బూడిదై 85 మంది చనిపోయినప్పుడు, కరెంటు తీగతో పాటు ఆ పోగుపడ్డ చెత్తనూ తిట్టుకున్నారు. అటు ఆస్ట్రేలియా ఉత్తరాన ఆర్న్‌హెమ్ ల్యాండ్‌లో 2006 నుంచి ఆదివాసులకే డబ్బిచ్చి ఎండలు ముదరకముందే చిన్న మంటలు పెట్టిస్తున్నారు. పెద్ద మంటలు తగ్గాయి, తగ్గిన పొగకు కార్బన్ సొమ్ము వస్తోంది.

ఇక్కడ నేను రేంజరు పక్షాన నిలబడాలి. మాస్టారి ఉదాహరణలు బాగున్నాయి గానీ బస్తర్‌కు అచ్చంగా అతకవు. కాలిఫోర్నియా పైన్ అడవి వేరు, ఆస్ట్రేలియా గడ్డి మైదానం వేరు. బెంగాల్ సాల్ అడవికి నిప్పు కరువై మొలక రాలేదేమో గానీ, బస్తర్‌లో చాలాచోట్ల నిప్పు ఎక్కువై రావడం లేదు. నాలుగైదేళ్లకోసారి కాలిన నేలా, ఏటేటా కాలే నేలా ఒకటి కావు. కాబట్టి నిప్పు మంచిదా చెడ్డదా అన్న వాదమే దండగ. ఎక్కడ, ఏ నెలలో, ఎన్నేళ్లకోసారి అన్నదే ప్రశ్న. అయితే ఈ ప్రశ్నకు జవాబు చెప్పగలిగేది ఎవరన్న దగ్గర రేంజరు వాదం జారిపోతుంది. గాలి ఎటు వీస్తోంది, ఆకు మీద మంచు ఇంకా ఉందా, నిరుడు ఈ మూల కాలిందా లేదా అన్నది రాయ్‌పూర్ సర్క్యులర్‌కు తెలియదు. ఉపగ్రహానికీ తెలియదు. అడవి మధ్య బాటలుగా చీల్చే ఫైర్‌లైన్లను అటవీశాఖ కూడా చలికాలంలో కాల్చే శుభ్రం చేయిస్తుంది. నిప్పు వాడుకోవడం శాఖకు తెలుసు. అదే పని పక్క ఊరివాళ్లు అదే నెలలో తీర్మానం చేసుకుని పద్ధతిగా చేస్తామంటే, దానికి చట్టంలో చోటు వెతకాల్సి రావడమే విడ్డూరం.

రేంజరు: గ్రామసభ, గ్రామసభ అంటున్నారు. గ్రామసభంటే ఎవరు? కాగితం మీద నూరుమంది, వచ్చేది పాతికమంది, మాట్లాడేది ముగ్గురు. ఆ ముగ్గురిలో ఒకడు ఆకు కాంట్రాక్టరు మనిషి. రేపు నిప్పు పెట్టే అనుమతి వాళ్ల చేతికొస్తే మంట తగ్గుతుందా, పెరుగుతుందా? ఈ నగర్‌నార్‌నే తీసుకోండి. 2001, 2002ల్లో కర్మాగారానికి భూములు తీసుకున్నప్పుడు గ్రామసభ నిజంగా ఒప్పుకుందా లేదా అన్నదాని మీద ఎంత రగడ అయింది! గ్రామసభ పేరు మీద ఏ కాగితమైనా పుట్టించొచ్చని ఇక్కడే తేలింది కదా. ఇంకో సంగతి. బీట్ గార్డు ఒంటరిగా కర్ర పట్టుకుని తిరుగుతాడు. 2022 నవంబర్‌లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో పోడు గొడవలో ఒక రేంజ్ ఆఫీసరును నరికి చంపారు. అడవి మీద అధికారం మొత్తం ఊరికి రాసిచ్చి, మంట వచ్చిన రోజు మాత్రం మా గార్డును పంపమంటే ఎవడు వెళ్తాడు?

మాస్టారు: ఆ హత్యను సమర్థించే నోరు నాకు లేదు. ఆ గార్డు కష్టం కూడా నిజం. కానీ అధికారమంతా ఒంటరి గార్డు చొక్కా మీద కుట్టి అడవిలోకి పంపినందువల్లే అతను ఒంటరి. ఇక తీర్మానాలు పుట్టించడం సంగతి. పుట్టించింది ఎవరండీ? గ్రామసభను ఎత్తుకుపోయేవాళ్లు బయటివాళ్లు. బైలదిల్లా 13వ డిపాజిట్ ఇనుప గని కోసం హిరోలి గ్రామసభ ఒప్పుకున్నట్టు చూపిన తీర్మానం నకిలీదని 2019 జూన్‌లో వేలమంది ఆదివాసులు కిరందుల్‌లో బైఠాయిస్తే, పనులాపి విచారణ వేయాల్సి వచ్చింది. అక్కడ పోయేది మూడు వందల హెక్టార్లకు పైగా అడవి. ఇప్పచెట్టు కింద ఆకు కాలిస్తే నేరం, కొండకు కొండనే తవ్వడానికి మాత్రం అనుమతి పత్రం. ఊరివాళ్లు ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టి చూడరనుకోకండి. శాఖ అడవికి కాపలాదారు, ఊరు అడవికి శత్రువు అన్న లెక్క బస్తర్‌లో ఎప్పుడో తప్పింది. 1990ల్లో మాలిక్ మక్బూజా పేరుతో ఆదివాసుల సొంత భూముల్లోని చెట్లను వ్యాపారులు కొల్లగొట్టినప్పుడు, అధికారులు చేయి కలపకుండానే జరిగిందా? సుప్రీంకోర్టు దాకా వెళ్లిన కేసది. దానికి ముందు, 1970ల్లో, ప్రపంచ బ్యాంకు డబ్బుతో 4,600 హెక్టార్ల సహజ సాల్ అడవిని కొట్టేసి కాగితం గుజ్జు కోసం పైన్ నాటాలని చూసిందీ ఊరు కాదు.

ఊళ్లకు కాపలా చేతకాదనీ అనకండి. పక్క ఊరి అడవిలో కలప కావాలంటే దేవ్‌సరి అనీ దండ్ అనీ కొంత రుసుము కట్టే ఆచారం బస్తర్‌లో ఉంది. ఇంటికింత ధాన్యం వేసుకుని అడవికి కాపలా మనిషిని పెట్టుకున్న ఊళ్లున్నాయి. అటవీశాఖ పెట్టే ఫైర్ వాచర్ పనీ అదే కదా! తేడా ఒక్కటే. ఆ కాపలా మనిషి ఊరికి జవాబుదారీ, ఫైర్ వాచర్ రేంజ్ ఆఫీసుకు జవాబుదారీ.

రేంజరు: మీరు మా వాచర్లను తీసిపారేస్తున్నారు గానీ, లెక్క మా వైపే ఉంది. 38,106 అని చెప్పానే, 2023 నవంబర్, 2024 జూన్ మధ్య అది 18,950కి దిగింది. సగానికి సగం. ఉపగ్రహం మంట చూడగానే బీట్ గార్డు ఫోనుకు సందేశం వస్తోంది. గ్రామసభ తీర్మానం కోసం కూర్చుంటే ఈలోపు కొండ కాలిపోతుంది.

మాస్టారు: ఆ తగ్గుదల నిజమే, సంతోషమే. కానీ దాన్ని శాఖ ఖాతాలో పూర్తిగా వేయలేం. అదే కాలంలో దేశం మొత్తం మీదా తగ్గింది, సుమారు 3,45,000 నుంచి 2,03,000కు. వాన, ఎండ, ఆకు రాలిన తీరు ఏడాదికో రకంగా ఉంటాయి. అంత తగ్గిన ఏడాదిలోనూ ఛత్తీస్‌గఢ్ స్థానం మూడే. పైగా ఉపగ్రహం లెక్కపెట్టేది మంట కనిపించిన చోట్లను, కాలిన ఎకరాలను కాదు. ఒక్క చుక్క వెనక చిన్న చెత్తకుప్ప ఉండొచ్చు, పెద్ద లోయా ఉండొచ్చు. సందేశం ఫోనుకు వచ్చిందే అనుకోండి. గార్డు అక్కడికి చేరేది ఎప్పుడు? ఊరివాళ్లు చేరేది ఎప్పుడు? మంటకు దగ్గర ఉన్నవాడికి సందేశం, జీతం, అధికారం ఇవ్వకుండా దూరంగా ఉన్నవాడికి మూడూ ఇచ్చాం.

ఈ మాట దగ్గర మళ్లీ నేను కల్పించుకుని డబ్బు సంగతి ఎత్తక తప్పదు. అడవులను గనులకూ రోడ్లకూ ఇచ్చినప్పుడు వసూలు చేసిన పరిహార నిధిని, కాంపా నిధి అంటున్నామే, 2019 ఆగస్టులో కేంద్రం రాష్ట్రాలకు పంచింది. 47,436 కోట్లలో ఛత్తీస్‌గఢ్‌కు వచ్చింది సుమారు 5,791 కోట్లు. మంటల నివారణకు ఆ నిధి వాడుకోవచ్చని నిబంధనల్లోనే ఉంది. ఆ డబ్బు పుట్టింది ఊళ్ల అడవి పోయినందుకు, ఖర్చయ్యేది శాఖ ప్రణాళిక ప్రకారం. అటవీ హక్కుల చట్టం గ్రామసభకు అడవిని కాపాడే బాధ్యత ఇచ్చింది, పైసా ఇవ్వలేదు. అందుకే చట్టం వచ్చి ఇన్నేళ్లయినా మంటలు ఆగలేదే అన్న రేంజరు ప్రశ్న న్యాయంగా లేదు. 2022లో కాంగేర్ లోయ జాతీయ పార్కు లోపలి గుడియాపదర్ ఊరికి సామూహిక అటవీ హక్కు గుర్తించారు. అది పెద్ద అడుగే. కానీ 2025 మేలో అదే రాష్ట్ర అటవీశాఖ, సామూహిక అటవీ వనరుల నిర్వహణకు తానే నోడల్ శాఖనని లేఖ పంపింది. ఊళ్లు భగ్గుమన్నాక జూలైలో వెనక్కి తీసుకుంది. 2020లో కూడా ఇలాంటి ఉత్తర్వు ఒకటి ఇచ్చి ఇలాగే వెనక్కి తీసుకుంది. ఒక చేత్తో పట్టా, ఇంకో చేత్తో లేఖ. ఇలాంటి చోట ఏ గ్రామసభైనా పదేళ్ల మంటల ప్రణాళిక రాసుకుంటుందా? మన తిరుమల శేషాచలం కొండలు 2014 మార్చిలో అంటుకుంటే వైమానిక దళం హెలికాప్టర్లు నీళ్లు పోశాయి. పోయడం తప్పు కాదు. బస్తర్ సాల్ అడవికి హెలికాప్టర్ రాదు, కొమ్మల చీపురుతో మంటను కొట్టే మనిషే రావాలి. ఆ మనిషి ఊళ్లోనే ఉన్నాడు.

రేంజరు: సరే, మీ మాటే అనుకుందాం. డబ్బు ఊరికిస్తారు. ఏడాది చివర అడవి కాలిపోయింది. అప్పుడు ఎవర్ని నిలదీయాలి? శాఖలో అయితే ఫలానా రేంజరని పేరుంటుంది, సస్పెండ్ చేయొచ్చు. గ్రామసభను సస్పెండ్ చేస్తారా?

మాస్టారు: సస్పెండ్ చేయక్కర్లేదు. ఏ మూల కాల్చాలో, ఏ మూల నాలుగేళ్లు ముట్టుకోకూడదో డిసెంబర్‌లోనే ఊరు పటం గీసి గోడకు అంటించాలి. ముట్టుకోకూడదన్న చోట కాలితే మరుసటి ఏడు డబ్బులో కోత. కాలకుండా నిలిస్తే బోనస్. పటం మీదున్న గీతకూ ఉపగ్రహం చుక్కకూ పొంతన కుదిరిందో లేదో మీ శాఖే చూడొచ్చు. తనిఖీ మీది, పని ఊరిది. ఇప్పుడు పనీ మీదే, తనిఖీ మీదే. తప్పు జరిగితే మాత్రం ఊరిది.

రేంజరు: పటం నిజంగా గీస్తే, మొలక ఉన్న చోటు నాలుగేళ్లు ముట్టుకోకపోతే, నాకు అభ్యంతరం లేదు. కానీ ఆ గీత గీసేటప్పుడు మా మనిషి పక్కన ఉండాలి. సాల్ మొలక ఎక్కడుందో అందరికీ కనపడదు.

రేంజరు అడిగిన ఆ షరతు న్యాయమైనదే, ఒప్పుకోవాలి. మిగతా అంతా మాస్టారి పక్షమే నాది. నిప్పు ఆపడం కాపలా పని అనుకున్నంత కాలం శాఖకు మనుషులు చాలరు, ఊరికి మనసు రాదు. 26వ సెక్షన్ మూడో ఉపవిభాగాన్ని సామూహిక హక్కు గుర్తించిన ఊళ్లకు వర్తించకుండా చేయాలి. మంట ఆర్పినవాడికి 79వ సెక్షన్ చాకిరీ కాకుండా కూలి ఇవ్వాలి. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో వర్తించేది 1967 నాటి వేరే అటవీ చట్టమైనా, నల్లమల మంటల విషయంలో ఆ ప్రభుత్వాలకూ ఇదే మాట. బస్తర్ జిల్లా యంత్రాంగం మాత్రం రాబోయే ఎండాకాలానికి ఒక్క పని చేసి చూపిస్తే చాలు. ఫైర్ వాచర్ల కూలీ, తునికి కొమ్మలు కొట్టే కూలీ, ఇప్పచెట్ల వలల డబ్బు జనవరి ముగిసేలోపు గ్రామసభల ఖాతాల్లో వేయాలి. శాఖ లెక్క ప్రకారమే మంటల కాలం ఫిబ్రవరి 15న మొదలవుతుంది. ఆ తరవాత వచ్చిన డబ్బు బూడిద ఊడ్వడానికి తప్ప ఎందుకూ పనికిరాదు.